ఐటీఐలో కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు వర్క్‌షాప్‌ల మనసుపెట్టి పని నేర్పాలంటే ఏం చెయ్యాలె

నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ, అటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ దిక్కు ఐటీఐలల్ల కొత్తగా ఏటీవో (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్)గానో గెస్ట్ ఫ్యాకల్టీగానో చేరినోళ్ల కోసం ఇది రాస్తున్న. నాది ఎలక్ట్రీషియన్ ట్రేడ్ కాబట్టి ఉదాహరణలన్నీ కరెంటు పనివే ఉంటయి, ఫిట్టర్‌కైనా వెల్డర్‌కైనా పద్ధతి ఇదే. ట్రేడ్ నేర్చుకునేటోడు పుస్తకం కంటే ముందు సారు చేతులు చూస్తడు. సారుకు ఈ పనంటే ఇష్టమా, లేకపోతే టైమ్ ఎప్పుడైతదా అని గడియారం చూస్తున్నడా అనేది పిల్లలకు మొదటి వారంలనే తెలిసిపోతది, ఇగ రెండేండ్ల కోర్సు ఆ లెక్కనే నడుస్తది. పని మీద ప్రేమ మనసుల ఉంటే చాలదు, పిల్లలకు రోజూ కనబడాలె. ఎట్ల కనబడాల్నో చెప్త.

మొదటి వారం సిలబస్ గురించి మరీ తొందరపడకండి. యూనిట్‌ల 20 మంది ఉంటరు, ఒక్కొక్కళ్లతోని కాసేపు కూసొని మాట్లాడండి. ఇంట్ల ఏమేం ఇప్పి చూసినవ్, ఫ్యానా, మిక్సీనా, బోరు మోటరు స్టార్టరా, ఎవరు చూపిచ్చిండ్రు అని అడగండి. రైతుల పిల్లల్ల కొందరు స్టార్టర్ మూత తీసి లోపల చూసినోళ్లే ఉంటరు, వాళ్లకు పేర్లు తెల్వవు గానీ ఏ వైరు ఎటు పోతదో తెలుసు. కొందరి అమ్మానాయినలు బొంబాయికో పుణెకో పనికి పోయి ఉంటరు, పిల్లగాడు నాయినమ్మ కాడ ఉండి చదువుకుంటుంటడు, పత్తి ఏరే టైమ్‌ల నాలుగు రోజులు కనబడడు. వచ్చినంక అందరి ముందట నిలబెట్టి తిట్టకుండ, తప్పిపోయిన ప్రాక్టికల్స్ ఏ రోజు చేయిస్తరో చెప్పి, ఆ రోజు తప్పకుండ చేయించండి. ఆడపిల్లలు ఉంటే నిచ్చెన ఎక్కుడు, గోడకు డ్రిల్ కొట్టుడు కూడ వాళ్లతోని చేయించాల్సిందే. అక్షరాలు మంచిగున్నయని రికార్డులు రాసే పని అప్పజెప్పి ఒక మూలకు కూసోబెడతరు చూడండి, అది నాకు అస్సలు నచ్చదు, ఆ పిల్ల కూడ పని నేర్చుకుందామనే కదా బస్సెక్కి వచ్చేది.

రేపు ఏ జాబ్ (ప్రాక్టికల్ పని) చేయించాల్నో అది ఇయ్యాల సాయంత్రమే మీరు ఒకసారి చేసి చూడాలె, పిల్లలకు ఇచ్చే టూల్స్‌తోనే, అదే మెటీరియల్‌తోనే. పదేండ్ల అనుభవం ఉన్నా సరే. మెట్ల కింద, పైన రెండు దిక్కుల నుంచి ఒకే బల్బు వేసి ఆర్పే స్టెయిర్‌కేస్ వైరింగే తీసుకోండి, రెండు టూ వే స్విచ్చులు, ఒక బల్బు, మనకు కండ్లు మూసుకొని చేసే పని. కానీ ఆ కటింగ్ ప్లయర్ మొండిగ ఉండి వైరు చెక్కుతుంటే లోపల రాగి తీగ తెగుతుందని మీరు చేస్తేనే తెలుస్తది, లేకపోతే తెల్లారి 20 మంది అక్కడనే ఆగిపోతరు, సగం పూట దానికే పోతది.

ఇగ డెమో. ఇన్‌స్ట్రక్టర్లకు ఇచ్చే ట్రైనింగ్ కోర్సు సీఐటీఎస్‌ల ప్రిపరేషన్, ప్రజెంటేషన్, అప్లికేషన్, టెస్ట్ అని నాలుగు మెట్లు నేర్పుతరు, మంచి పద్ధతే, కానీ చానామంది రెండో మెట్టు కాడనే ఆగిపోతరు, సారు చేసి చూపెడతడు, పిల్లలు చూస్తరు, రికార్డు రాస్తరు, అయిపాయె. నేను చెప్పేదేందంటే ఒక పనిని మూడుసార్లు చూపెట్టండి. మొదటిసారి ఏం మాట్లాడకుండ మామూలు స్పీడ్‌ల, పని మొత్తం ఎట్లుంటదో వాళ్లకు తెలిసేటట్టు. రెండోసారి మెల్లగ, ఎందుకు చేస్తున్నరో చెప్పుకుంట. మూడోసారి ఒక పిల్లగాడు చెప్తుంటే మీరు చెయ్యాలె, వాడు తప్పు చెప్తే కూడ (సప్లై లేనప్పుడు) అట్లనే చెయ్యండి, ఎక్కడ ఆగిపోతదో వాడే చూస్తడు.

5 హెచ్‌పీ మోటరుకు డీవోఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్, మోటరుకు నేరుగ సప్లై ఇచ్చే) స్టార్టర్ కనెక్షన్ ఇచ్చే రోజు ఇదంతా మంచిగ కనబడతది. ఎవడో ఒకడు కనెక్షన్ ఇస్తడు, పచ్చ బటన్ నొక్కుతడు, మోటరు తిరుగుతది, చెయ్యి తీయంగనే ఆగిపోతది. వాడు మీ మొహం చూస్తడు. అప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకోండి, ఏదేమైనా స్క్రూడ్రైవర్ గుంజుకోకండి. సప్లై బంద్ పెట్టించి అడగండి, బటన్ నొక్కినప్పుడు స్టార్టర్‌ల కాంటాక్టులను గుంజి పట్టే కాయిల్‌కు కరెంటు ఏ దారిల వచ్చింది, చెయ్యి తీస్తే ఆ దారి ఏమైంది, మరి చెయ్యి తీసినంక కూడ కరెంటు రావాలంటే ఇంకో దారి ఎక్కడుండాలె? వాడు వైరు మీద వేలు పెట్టి చూసుకుంట పోతడు, కాసేపటికి స్టార్ట్ బటన్‌కు పక్కపొంటి పోవాల్సిన, చెయ్యి తీసినంక కూడ కాయిల్‌కు కరెంటు ఇచ్చే హోల్డింగ్ కాంటాక్ట్ వైరు పెట్టలేదని వాడికే దొరుకుతది. ఇట్ల దొరికినోడికి ఆ సర్క్యూట్ మళ్ల బోర్డు మీద గీసి చెప్పే అవసరం రాదు. మీరే వెళ్లి ఒక్క నిమిషంల సరిచేసి ఇస్తే పని అయితది గానీ వాడు ఏం నేర్చుకోలే. కష్టమైన సంగతి ఏందంటే, ఆ పావుగంట ఓపికగ నిలబడుడు, ఎందుకంటే ఇంకో టేబుల్ కాడ నలుగురు సార్ సార్ అని పిలుస్తుంటరు.

సేఫ్టీ కాడ మాత్రం ఓపిక గీపిక లేదు. సప్లై ఆఫ్ చెయ్యాలె, టెస్ట్ ల్యాంప్ ముందు వేరే లైవ్ పాయింట్ మీద పెట్టి వెలుగుతుందో లేదో చూసుకోవాలె, తర్వాత మూడు ఫేజులు ఒక్కొక్కటి న్యూట్రల్‌తోని చెక్ చెయ్యాలె, అప్పుడే ముట్టుకోవాలె. మీరు హడావిడిల ఒక్కసారి ఇది చెయ్యకుండ చెయ్యి పెట్టిండ్రంటే, ఏడాది నుంచి చెప్పింది మొత్తం గంగల కలిసినట్టే, సారే పెట్టిండు కదా అంటరు. మన ఊర్లల్ల ఫ్యూజు పోయిందని లైన్‌మన్ కోసం ఆగకుండ, ట్రాన్స్‌ఫార్మర్‌కు లైన్ బంద్ పెట్టే ఏబీ స్విచ్ సరిగ పడిందో లేదో చూడకుండ ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి పాణం పోగొట్టుకున్న రైతులు ఎంతమందో. మీ దగ్గర నేర్చుకున్న పిల్లగాడే రేపు ఊర్ల కరెంటు పని తెలిసినోడని పిలిపించుకునేది.

మెటీరియల్ లేదనే మాట ఎప్పుడూ ఉండేదే. ఇండెంట్ (కావాల్సిన మెటీరియల్ లిస్టు) పెట్టండి, మళ్ల మళ్ల అడగండి, ఆలోపు టౌన్‌ల మోటరు వైండింగ్ షాపులకు పోండి. రాగికి రేటు ఉంటది కాబట్టి ఆ తీగ ఇయ్యరు, కానీ ఖాళీ స్టేటర్లు (మోటరుల తిరగని ఇనుప భాగం), కరెంటు ఎక్కువైతే మోటరును ఆపే రిలేలు కాలిపోయినవి, పాత స్టార్టర్ డబ్బాలు అడిగితే ఇస్తరు. కాలిన రిలే పిల్లల చేతుల పెట్టండి. ఒక ఫేజ్ పోయినప్పుడు మిగిలిన రెండింట్ల కరెంటు ఎక్కువైతదని, రిలే ట్రిప్ అయితుందని విసుగొచ్చి దాన్ని తప్పించి వైర్లు డైరెక్ట్ చేస్తే వైండింగ్ ఎట్ల నల్లగైతదో పక్కనే చూపెట్టండి.

దిద్దుడు గురించి. జాబ్ చూసి ఊరికె గుడ్ అనకండి, సంతకం పెట్టేటప్పుడు కారణం ఒక లైన్ రాయండి, టెర్మినల్ స్క్రూ లూజ్, ఎర్త్ వైరు పొట్టిగుంది, అంతే. వచ్చే జాబ్‌ల ముందు అదే చూడండి.

మీరు కూడ కొత్తది నేర్చుకుంటుండాలె. రాష్ట్రంల 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మార్చే పని 2024ల మొదలైంది, కొత్త మిషన్లు వస్తే కవర్లు కప్పి తాళం వెయ్యకుండ ముందు మీరు చెయ్యి పెట్టండి. హైదరాబాద్ విద్యానగర్‌ల ఇన్‌స్ట్రక్టర్లకు ట్రైనింగ్ ఇచ్చే ఎన్‌ఎస్‌టీఐల రిఫ్రెషర్ కోర్సు ఉంటే పేరియ్యండి. సెలవుల్ల పోలేపల్లి దిక్కు ఏదన్న కంపెనీల మెయింటెనెన్స్ చేసేటోళ్లను కలవండి, ప్యానెల్ బోర్డుల ఇప్పుడేం వాడుతున్నరో తెలుస్తది, పిల్లలకు ఇంటర్వ్యూల అడిగేది కూడ అదే.

మనసుపెట్టి పనిచేసుడంటే ఏందని పిల్లలు అడిగితే ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం సంగతి చెప్పండి. ఆరో తరగతితోనే బడి బంద్ అయింది, చీర నేసే ముందు దారం చుట్టే ఆసు పోసీ పోసీ అమ్మ చెయ్యి నొస్తుందని మిషన్ చెయ్యాలని ఏండ్లకేండ్లు పట్టుబట్టిండు, 1999ల పూర్తి చేసి అమ్మ లక్ష్మి పేరే పెట్టిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. మన పాత నల్గొండ జిల్లా మనిషే అనంగనే వెనక బెంచీల కూసున్నోళ్లు కూడ ఇటు తిరుగుతరు.

గెస్ట్ ఫ్యాకల్టీగ ఉన్నోళ్లకు ఇదంతా భారమే, నాకు తెలుసు, గంటల లెక్క పైసలు, అవి కూడ ఆలస్యమైతయి. దాని మీద అధికారులను గట్టిగ అడగాలె, అందరు కలిసి అడగాలె, పిల్లల మీద మాత్రం చూపెట్టకండి. మనసు మరీ తగ్గినట్టనిపిస్తే పాసై పోయినోళ్లల్ల ఒకరిని పిలిపించండి, వైండింగ్ షాప్ పెట్టుకున్నోడో, దామరచర్ల కాడ యాదాద్రి పవర్ ప్లాంట్‌ల పనికి కుదిరినోడో. ఒక శనివారం పూట వాడితోని ఒక జాబ్ చేయించండి, మీరు వెనక నిలబడండి. అందుకోసం కోర్సు అయిపోయే రోజు ప్రతి ఒక్కరి ఫోన్ నంబరు, ఇంట్లోళ్ల నంబరు కూడ, మీ నోట్‌బుక్‌ల రాయించుకోండి, పిల్లలు సిమ్ములు మారుస్తుంటరు.