మబ్బుల గుర్తింపు – 4వ పాఠం: నల్లనివన్నీ నింబస్ కాదు

పోయినసారి అడిగిన మబ్బుకు ఎక్కువమంది రాసిన జవాబు "నింబస్", అంటే వానమబ్బు. కారణం, అది నల్లగా ఉందట. దాంతో ఈ వారం మొదలుపెట్టాల్సిన జాతుల (ప్రజాతుల లోపలి విభాగాల) సంగతి వెనక్కిపోయింది. ముందు ఈ నలుపు వదిలించుకోవాలి.

ప్రపంచ వాతావరణ సంస్థ మబ్బుల అట్లాస్‌లో ఉన్న పది ప్రజాతుల్లో (మబ్బుల ముఖ్య రకాల్లో) ఒట్టి నింబస్ లేదు. 1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ (రసాయనాల తయారీ ఆయన వృత్తి) పెట్టిన పేర్లలో ఉండేది. ఇప్పుడు నింబోస్ట్రాటస్ (ముసురు పట్టే పొరమబ్బు), క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) పేర్లలో మాత్రమే మిగిలింది.

ఇక రంగు. తూర్పు తీరంలోని కళింగపట్నం ఒడ్డున పొద్దున ఏడింటికి సముద్రం వైపు చూడండి. సూర్యుడు మబ్బు వెనక ఉంటాడు, మీకు కనబడేది నీడ పక్క. చుక్క రాల్చని చిన్న క్యుములస్ (దూదికుప్పలాంటి మబ్బు) కూడా బూడిదరంగులో బెదిరిస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు అక్కడే నిలబడితే ఎండ మీ వీపున ఉంటుంది, అలాంటి మబ్బే తెల్లగా మెరుస్తుంది. అది నెత్తిమీదికొస్తే మళ్లీ నలుపే, ఎందుకంటే చూస్తున్నది మబ్బు అడుగుభాగం. పడ్డ వెలుగులో చాలావరకు నీటిబిందువులు పైకీ పక్కలకీ చెదరగొట్టేస్తాయి, కిందికి దిగేది కొంచెమే. వెనక ఆకాశం తెల్లగా ఉంటే ముందున్న చిన్న తునక కూడా నల్లగానే తోస్తుంది. నోట్సులో రంగు రాస్తే పక్కనే సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో రాయండి, లేదా రంగే మానేయండి. నేనైతే రాయను.

చూడాల్సినవి అంచు, వాన తీరు, నేలమీద నీడ. పై అంచు కాలీఫ్లవర్‌లా గట్టిగా ఉంటే ఎంత పెరిగినా అది క్యుములస్ కంజెస్టసే. ఆ గట్టిదనం పోయి మసకబారినా, పీచులు తేలినా పైన మంచుకణాలు పుట్టినట్టు, ఇక క్యుములోనింబస్. శిఖరం కనబడకపోతే ఉరుము చాలు, ఉరిమితే ఆ పేరే రాయాలన్నది నిబంధన. ఉరుము లేకుండా, సూర్యుడి జాడ తెలియకుండా గంటల తరబడి ముసురు పడితే నింబోస్ట్రాటస్. అల్పపీడనం పట్టినప్పుడు పలాస, టెక్కలి వాళ్లకు దీన్ని చూసి చూసి విసుగొస్తుంది. మధ్యలో ఒక్క ఉరుము వినబడినా రెండు పేర్లూ రాయండి. సూర్యుడు మసకగా తెలుస్తూ నీడ పడకపోతే ఆల్టోస్ట్రాటస్, పడితే సిర్రోస్ట్రాటస్.

ముద్దలుగా పరచుకున్నవాటిని చెయ్యి పూర్తిగా చాచి వేళ్లతో కొలవండి. ముద్ద చిటికెనవేలి వెనక దాగితే సిర్రోక్యుములస్, మూడువేళ్లకు మించితే స్ట్రాటోక్యుములస్, మధ్యలో ఉంటే ఆల్టోక్యుములస్. దిగంతానికి 30 డిగ్రీల పైనున్నవాటికే ఈ కొలత, అంటే చాచిన చేతి పిడికిళ్లు మూడు పేర్చినంత ఎత్తు. అంతకంటే కింద దూరం వల్ల ముద్దలు ముడుచుకుపోయి కనిపిస్తాయి.

మధ్యాహ్నపు క్యుములస్ అడుగుభాగం ఎంత ఎత్తున ఉందో తెలియడానికి నాకిష్టమైన అడ్డదారి: ఉష్ణోగ్రతలోంచి డ్యూపాయింటు (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తీసేసి 125తో గుణించడం. అవి 33, 25 డిగ్రీల సెల్సియస్ అయితే తేడా 8, మబ్బు అడుగుభాగం సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. మందస నుంచి చూసి సరిచూసుకోవచ్చు, మహేంద్రగిరి కొండ ఎత్తు దాదాపు 1500 మీటర్లు కాబట్టి శిఖరం మబ్బులో మునిగి ఉండాలి. నేల వేడికి లేచిన గాలికే ఈ లెక్క. ముసురురోజు వాడకండి.

అభ్యాసం: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా, పది నిమిషాలకోసారి, ఒకే మబ్బు బొమ్మ గీయండి. ఎస్.కోట, బొబ్బిలి వాళ్లు కొండల వైపు చూడండి. అది కరిగిపోతే, చిన్న క్యుములస్ అరగంటలోనే కరగొచ్చు, పక్కదాన్ని పట్టుకోండి. మొత్తం 25 బొమ్మలు. ఆఖరిది పూర్తయ్యేదాకా పేరు రాయొద్దు. ఉరుము వినబడితే మేడ దిగి కిటికీలోంచి గీయండి.