ప్రాసెసర్ మార్చే ముందు: సాకెట్ కలిస్తే సరిపోదు

ఈ మధ్య తెలిసినవాళ్లబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్ కొని బీ250 మదర్‌బోర్డులో బిగించాడు. రెండిటి వివరాల్లోనూ సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) ఎల్‌జీఏ 1151 అనే ఉంది. చక్కగా కూర్చుంది. ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోయింది.

పాత పీసీల విషయంలో జనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ఇంటెల్ 6, 7 తరాలు ఒక జత. 2017 చివర్లో మొదలైన 8, ఆ తర్వాతి 9 ఇంకో జత. సాకెట్ పేరు మారలేదు గానీ, లోపల కరెంటు అందించే పిన్నుల అమరిక మార్చారు. అందుకే 8, 9 తరాలకు 300 సిరీస్ బోర్డే కావాలి. ఆ అబ్బాయి కొన్నది 9వ తరం, బీ250 మాత్రం 6, 7 తరాల బోర్డు. సాకెట్ చూసి కొనకండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బోర్డు మోడల్ చూసి, తయారీ కంపెనీ సైట్‌లోని సీపీయూ సపోర్ట్ లిస్టులో మీరు కొనబోయేది ఉందో లేదో వెతకండి. లేకపోతే ఆ ఆలోచన మానుకోండి.

లిస్టులో ఉన్నా, పక్కనే బయోస్ (పీసీ ఆన్ చెయ్యగానే ముందు నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) వెర్షన్ నంబరు ఉంటుంది. దాన్ని వదిలేయకండి. 2017 నాటి బయోస్‌తో ఉన్న ఏఎం4 (ఏఎండీ ప్రాసెసర్ల సాకెట్) బోర్డుకు, తర్వాత వచ్చిన రైజెన్ 5600 ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. పాత ప్రాసెసర్ లోపల ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. పీకేశాక గుర్తొస్తే, చాలా బోర్డుల్లో మళ్లీ పాతదాన్ని పెట్టడం తప్ప దారి లేదు.

ఇంకా హార్డ్‌డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే ముందు ఎస్ఎస్‌డీ వెయ్యండి. ప్రాసెసర్ మార్చే అవసరమే పడకపోవచ్చు.

విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. ప్రాసెసర్ మారాక అడిగే అవకాశం ఉంది. ఏఎం4 కూలర్‌ని నిలువునా లాగొద్దు. మధ్యలో వేడిని కూలర్‌కు చేరవేయడానికి పూసే పేస్టు ఎండిపోయి, దానికి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పీసీని కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. ఇంటెల్ సాకెట్‌లో వేలు పెట్టకండి. 65 వాట్ల ఐ5-6500 తీసి 91 వాట్ల ఐ7-7700కె పెడుతూ పాత చిన్న కూలరే చాలనుకోకండి. ఇంటెల్ మోడల్ చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా కొనకండి. పాత పేస్టు మీద కొత్తది పూయకండి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. సాకెట్ కలిసిందని మాత్రం డబ్బు కట్టకండి, ఎవరు చెప్పినా సరే. కూలర్ ఫ్యాన్ తిరగకపోతే వెంటనే ఆపండి. కొత్తది నాలుగు రోజులు సరిగ్గా నడిచేదాకా పాత ప్రాసెసర్ అమ్మకండి.