బీరువాలో పడున్న చిన్న కెమెరాతో అరకు ఫొటోలు ఎలా తీయాలి?

ఫోన్ ఉండగా ఇంకో కెమెరా ఎందుకని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. లెన్సు నిజంగా ముందుకు కదిలి దూరాన్ని దగ్గర చేసే జూమ్ ఒక కారణం. ఫొటో తీస్తుంటే మధ్యలో ఎవరూ ఫోన్ చేయరన్నది ఇంకో కారణం. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా మీ బీరువాలోనూ ఒకటి ఉండే ఉంటుంది. విశాఖ నుంచి అరకు వెళ్లొచ్చే ప్రయాణంలో దాన్ని ఎలా వాడాలో చూద్దాం. ఎండ, సొరంగం, గుహ, ఇసుక అన్నీ ఈ దారిలోనే తగులుతాయి.

ముందు రోజు రాత్రి

బ్యాటరీ బయటికి తీసి చూడండి. ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు, కొత్తది కొనుక్కోండి. బాగుంటే నిండా చార్జ్ చేసి తేదీ, టైము సరిచేయండి. ఏళ్ల తరబడి వాడని కెమెరాలో గడియారం మొదటికి వచ్చేస్తుంది. అలాగే వదిలేస్తే, ఫోన్ ఫొటోలతో కలిపినప్పుడు అరకు ఫొటోలన్నీ ఏ పాత సంవత్సరంలోకో వెళ్లి దాక్కుంటాయి.

కొత్త మెమరీ కార్డు కొంటుంటే కాస్త ఆగండి. ఎస్‌డీహెచ్‌సీ (SDHC) రకం కార్డుల వరకే తీసుకునే కెమెరాలకు 32 జీబీయే హద్దు. అంతకంటే పాతవైతే 2 జీబీ కార్డు దాటి చదవలేవు. కార్డులోని పాత ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించాక, కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేయండి.

మెనూలో ఉన్నప్పుడే ఫొటో సైజు పెద్దది, క్వాలిటీ ఫైన్ పెట్టి, డిజిటల్ జూమ్ ఆపేయండి. అది ఫొటో మధ్య ముక్కను కత్తిరించి సాగదీయడమే. ఆ పని ఇంటికొచ్చాక మీరే చేసుకోవచ్చు.

సగం నొక్కడం నేర్చుకోండి

చిన్న కెమెరాలతో ఫొటోలు మసకగా రావడానికి ఎక్కువసార్లు కారణం, బటన్‌ను ఒక్కసారిగా కిందికి నొక్కేయడమే. షట్టర్ బటన్‌ను సగం నొక్కి ఆగండి. ఫోకస్ కుదిరితే తెరమీద ఆకుపచ్చ గడి వెలుగుతుంది. అప్పుడు మిగతా సగం నొక్కండి. మనిషి ఫ్రేములో ఒక పక్కకు ఉండాలంటే ముందు ముఖం మీద సగం నొక్కి, వేలు తీయకుండా కెమెరాను పక్కకు జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కాలి. ఇంట్లో స్టీలు డబ్బాల మీద పావుగంట సాధన చేస్తే వేలికి అలవాటైపోతుంది.

రెండో సంగతి ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్. గుండ్రంగా తిప్పే మోడ్ డయల్‌ను పి (P) అక్షరం దగ్గర పెడితే ఇది పనిచేస్తుంది. ఎదురుగా ఏమున్నా అది మధ్యస్థమైన వెలుగులోనే ఉందని కెమెరా అనుకుంటుంది. అందుకే తెల్లటి నురగ, పొగమంచు నిండిన లోయ బూడిద రంగులోకి దిగిపోతాయి. అలాంటి చోట ప్లస్ 0.7 పెట్టండి. చీకటి ఎక్కువున్న చోట వెలుతురు పడ్డ భాగం తెల్లగా పేలిపోతుంది, అక్కడ మైనస్. వంద సీన్ మోడ్‌ల కన్నా నాకు ఈ ఒక్క బటన్ మీదే నమ్మకం.

రైల్లో

కొత్తవలస–కిరండూల్ లైను మీద కొండలెక్కే ఈ రైలుకు యాభైకి పైగా సొరంగాలు తగులుతాయి. అద్దం ఉన్న బోగీలో అయితే లెన్సును అద్దానికి దాదాపు ఆనించి, ఫ్లాష్ ఆపేసి తీయండి. లేకపోతే లోయతో పాటు మీ చొక్కా కూడా ఫొటోలో పడుతుంది. డయల్ మీద ఎస్ (S) గానీ టీవీ (Tv) గానీ ఉంటే దానికి తిప్పి, షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టండి, లేదంటే స్పోర్ట్స్ మోడ్. పట్టాల పక్క చెట్లను వదిలేసి దూరపు కొండల మీద ఫోకస్ పెట్టండి. కెమెరాతో చెయ్యి కిటికీ బయట పెట్టొద్దు. తాడు మణికట్టుకు ఉండాల్సిందే.

బొర్రా గుహల్లో

ఇక్కడ కెమెరాకు వేరే టికెట్ తీసుకోవాలి. లోపల అందరూ చేసే తప్పు ఫ్లాష్. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి అందదు. దగ్గరున్న రాయి సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది, వెనకదంతా నలుపు. పైగా ఆ రంగు దీపాల అందం పోతుంది.

ఫ్లాష్ ఆపండి, జూమ్ కూడా వద్దు. చాలా చిన్న కెమెరాల్లో జూమ్ పెంచేకొద్దీ లెన్సు లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. కాబట్టి జూమ్ మొత్తం వెనక్కి లాగి, రెయిలింగ్ లోపలే నాలుగడుగులు ముందుకు నడవండి. వెలుతురును కెమెరా ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓ (ISO) అంకెను 400 నుంచి 800 మధ్య పెట్టండి. ఈ కెమెరాల్లో ఎక్కువగా ఉండే, వెలుతురును పట్టే సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పే, అంతకు మించి ఐఎస్ఓ పెంచితే చుక్కలు చుక్కలుగా వస్తుంది. కెమెరాను రెయిలింగ్ మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు తీసేయండి. లోపల నీటి చుక్కలు పడుతుంటాయి, కర్చీఫ్ దగ్గర ఉంచుకోండి.

మనుషుల్ని తీసేటప్పుడు

దగ్గరికెళ్లి, జూమ్ లేకుండా వైడ్‌లో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. మా పెద్దమ్మ తన ఫొటో చూసుకుని రెండు రోజులు మాట్లాడలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, కాస్త జూమ్ చేసి తీస్తే ముఖం ముఖంలా ఉంటుంది. నవంబర్, డిసెంబర్‌లలో పసుపుపచ్చని వలిసె పూల మధ్య మిట్టమధ్యాహ్నం నిలబెట్టి తీస్తే కళ్ల కింద నీడలు పడతాయి. గుహలో ఆపమన్న ఫ్లాష్ ఇక్కడ వేయండి, నీడలు పోతాయి. ఊళ్లలో గిరిజనుల ఫొటోలు తీయాలంటే ముందు అడగండి. వద్దంటే వద్దే.

విశాఖ బీచ్‌లో

ఇక్కడ నాది ఒక పొరపాటు. ఇసుకలో కూర్చుని కెమెరాను తువ్వాలు మీద పెట్టాను. తర్వాత ఆన్ చేస్తే లెన్సు సగం దూరం వచ్చి కరకరమంటూ ఆగిపోయింది. రిపేరు షాపతను చెప్పిన ఖర్చుకు పాత కెమెరా ఇంకోటి వచ్చేది. ఇప్పుడు బీచ్‌కు వెళ్తే కెమెరాను జిప్ కవర్లోనే ఉంచుతాను, తీసేటప్పుడు మాత్రమే బయటికి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడితే తుడవకండి. కవర్లోనే పావుగంట ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

రాత్రి గదిలో ఫొటోలు ఫోన్‌లోకి ఎక్కించుకోండి. కానీ కార్డులోంచి అప్పుడే చెరపొద్దు. ఆ చిన్న తెర మీద బాగా లేదనిపించింది ఇంట్లో పెద్ద తెర మీద చూస్తే బాగుండొచ్చు.