పాత వాల్వ్ రేడియోలో షార్ట్‌వేవ్ మళ్లీ పలికింది

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న సెట్టు ఇది, ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాల్లాంటి వాల్వులతో నడుస్తుంది. ఇలాంటివాటికి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. లోపల షార్ట్ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుకే 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. వెలుగు తగ్గకపోతే షార్ట్ ఉన్నట్టు; ఇక్కడ లేదు, హమ్మయ్య!

738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ ఆకాశవాణి వచ్చింది గానీ, గొంతు బొంగురు. స్పీకర్‌ను నడిపే ఈఎల్84 వాల్వ్ గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వెళ్లే పిన్ను) దగ్గర మీటర్ పెడితే 9 వోల్టుల పాజిటివ్. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. దాని ముందున్న పేపర్ కెపాసిటర్ లీకవుతోందన్నమాట. కోఠి గుజరాతీ గల్లీ నుంచి అదే విలువ గల 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ తెచ్చి వేశాను. గొంతు తేటపడింది. పనిలో పనిగా కరెంటు సప్లైని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లూ మార్చేశాను. ప్లగ్గు పీకాక కూడా వాటిలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండొచ్చు, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టండి.

దూరప్రాంతాల స్టేషన్లు అందే షార్ట్‌వేవ్ మాత్రం మూగగానే ఉంది. చూస్తే మీడియం వేవ్, షార్ట్‌వేవ్‌ల మధ్య మార్చే బ్యాండ్ స్విచ్ కాంటాక్టులు నల్లబడ్డాయి. గరుకు కాగితంతో రుద్దితే వెండి పూత పోతుంది కాబట్టి క్లీనర్ కొట్టి, నాబ్ అటూ ఇటూ బాగా తిప్పాను. డాబా మీద పొడవాటి తీగ కట్టాక, రాత్రి 31 మీటర్ల బ్యాండ్‌లో స్టేషన్లు వరసగా పలికాయి. స్టేషన్లను వేరుచేసేలా ముందే ట్యూన్ చేసి ఉండే ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) కాయిళ్లను ముట్టుకోలేదు. చాలామంది ముందు వాటినే తిప్పేస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి.