కొత్తవాళ్లతో సినిమా – 4వ పాఠం: రెండో టేక్ చూడండి

పోయిన పాఠంలో మీ కథలోంచి అరపేజీ సీను ఒకటి విడిగా రాసుకోమన్నాను. నేను రాసుకున్నది తండ్రీ కూతుళ్ల సీను. కాలేజీ ఫీజుకి రేపే ఆఖరు, ఇంట్లో డబ్బుల్లేవు. దాంతోనే ఇవాళ ఆడిషన్ పెడదాం.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. మొదటి షార్ట్ ఫిల్మ్‌కి అమలాపురంలో హాలు అద్దెకు తీసుకుని, వచ్చినవాళ్లందరి చేతుల్లో డైలాగ్ కాగితం పెట్టి చదవమన్నాను. కొబ్బరి ఒలుపు పనికెళ్లే ఒకాయన వచ్చాడు. చేతిలో కాగితం వణికింది, గొంతు బళ్లో పద్యం అప్పజెప్పే పిల్లాడి గొంతయిపోయింది. పేరు పక్కన ఇంటూ పెట్టేశాను. వారం పోయాక సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే, ఆయనే ఓ పక్కన నిలబడి ఎవరికో ఫోన్లో సర్దిచెబుతున్నాడు. "ఈ కొబ్బరికాయల దింపు అయిపోనీయండి, మీ డబ్బులు మీకు పంపేత్తాను" అంటూ, రెండో చేత్తో చొక్కా గుండీ పెడుతున్నాడు, తీస్తున్నాడు. నా సీనులో తండ్రి అచ్చంగా అదే! నరసాపురం ఒడ్డు వచ్చేదాకా ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. అప్పటికే ఇంకొకాయనకి మాటిచ్చేశాను.

హాల్లో నేను పరీక్ష పెట్టింది నటనకి కాదు, చదవడానికి.

అందుకని కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. సంగతి నోటితో చెప్పండి: "మీ అమ్మాయి ఫీజు అడుగుతుంది. మీ దగ్గర లేవు. లేవని చెప్పడం మీకు ఇష్టం లేదు." అంతే. మాటలు వాళ్లవే రానివ్వండి. చేతులకి మాత్రం అలవాటైన పని ఒకటి ఇవ్వండి. టైలరమ్మకి సూదీ దారం, టీ కొట్టాయనకి గ్లాసులు. ఒలుపు ఆయన కాయని గునపం మొన మీద పొడిచి పక్కకి మెలితిప్పితే పీచు విడిపోతుంది, అలా నాలుగు పోట్లకి కాయ చేతికొస్తుంది. కానీ ఆడిషన్లో గునపం వద్దు. మనసు మాట మీద ఉన్నప్పుడు మొన దగ్గర చేతులు పెట్టించకూడదు. సగం ఒలిచిన కాయ ఇచ్చి, మిగిలిన పీచు చేత్తో లాగమనండి. "రేపే ఆఖరు నాన్నా" అని అమ్మాయి అన్నప్పుడు ఆ వేళ్లు ఆగాయా, ఇంకాస్త గట్టిగా లాగాయా? నేనైతే ముఖం కంటే ముందు అదే చూస్తాను.

మొదటి టేక్‌కి మార్కులు వెయ్యకండి. అది టెన్షన్ పోవడానికే. అయ్యాక ఒక్క మార్పు చెప్పండి. "ఇంకొంచెం బాధగా" అంటే కొత్తవాళ్లు కనుబొమ్మలు ముడేస్తారు, అంతకుమించి ఏమీ రాదు. "పక్కింటివాళ్లకి వినపడకూడదు" అనండి. గొంతు దానంతటదే తగ్గుతుంది, ఒకసారి గోడ వైపు చూస్తారు. రెండో టేక్ మారిందంటే ఆ మనిషి మీ మాట విన్నాడు. మొదటిదాన్నే పొల్లు పోకుండా మళ్లీ చేశాడంటే, అది ఎంత బాగున్నా, షూటింగులో మీకు కష్టాలే. హీరోల్ని అనుకరించే కాలేజీ కుర్రాళ్లని కూడా రెండో టేక్ దాకా ఉంచండి. వాళ్లు చూసిన నటన అదొక్కటే మరి.

ఇంకో సంగతి. గోదావరి సినిమా అనగానే ప్రతి మాటకీ "ఆయ్" తగిలించేవాళ్లు వస్తారు. కాకినాడలో గానీ పాలకొల్లులో గానీ అలా ఎవరూ మాట్లాడరు. "మీ అమ్మగారితో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి" అంటే చాలు, అసలు యాస బయటికొస్తుంది.

కెమెరాకి ఫోన్ చాలు. అడ్డంగా, వాళ్ల కళ్ల ఎత్తులో పెట్టి, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. అమ్మాయి మాటలు అందించేవాళ్లు లెన్స్ పక్కనే ఉండాలి. దూరంగా ఉంటే చూపు ఎటో పోతుంది.

ఆడిషన్ పగటిపూట, నలుగురూ తిరిగే చోట పెట్టండి. లాడ్జి గదుల్లో వద్దు, తోడు వచ్చినవాళ్లని బయట నిలబెట్టొద్దు. కూలి ఎంతో ముందే చెప్పండి. ఒలుపు ఆయన మీ దగ్గరికి రావాలంటే ఆ రోజు పని వదులుకోవాలి. అవకాశం ఇస్తామని ఎదురు డబ్బులు అడిగేవాడు సినిమావాడు కాదు, మోసగాడు. 14 ఏళ్ల లోపు పిల్లలుంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా 3 గంటలు దాటకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరునే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. చిన్న సినిమా కదా అని వీటిని వదిలెయ్యకండి.

కొత్తవాళ్లంటే జనం చూస్తారా అని మీ ఇంట్లో అడుగుతారు. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు 1965లో ప్రధాన పాత్రలు కొత్తవాళ్లకిచ్చి 'తేనె మనసులు' తీశారని చెప్పండి. కృష్ణ హీరోగా మొదలైంది అక్కడే.

ఈ వారం పని: నటన తెలియని ముగ్గురితో ఇదే సీను రెండేసి టేకులు తీయండి. తర్వాత సౌండ్ పూర్తిగా తీసేసి, చేతులు మాత్రమే చూడండి. వచ్చే పాఠంలో ఆ ముగ్గురిలో ఎంపిక కానివాళ్లకి ఫోన్ చేసి ఏం చెప్పాలో చూద్దాం. నేను ఒలుపు ఆయనకి ఆ ఫోన్ కూడా చెయ్యలేదు.