గోపాలపూర్ సముద్రంలో తిమింగలాల చప్పుడు రికార్డు చేయడం ఎలా

హైడ్రోఫోను (నీళ్లలో వినే మైకు) ఎంత ఖరీదుదైనా, దాన్ని వేలాడదీసిన తాడు మోగుతుంటే రికార్డింగు చెత్తబుట్టకే. సోనాపూర్ నుంచి గోపాలపూర్, ఆర్యపల్లి దాకా ఉన్న ఒడిశా గంజాం తీరంలో ఈ పని మొదలుపెట్టేవాళ్లు పరికరం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దాన్ని అడుగున నిలిపే దిమ్మ మీద, తాడు మీద పెట్టాలి.

ముందు ఏ జీవి కోసం వింటున్నారో తేల్చుకోండి. అంతరించే ప్రమాదంలో ఉన్న నీలి తిమింగలం గొంతు చాలా మంద్రం, దాదాపు అంతా 15 నుంచి 110 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనలు) లోపే. బ్రైడ్ తిమింగలం కూడా ఎక్కువగా కొన్ని వందల హెర్ట్జ్ లోపే పలుకుతుంది. స్పెర్మ్ తిమింగలం టకటకలు కొన్ని కిలోహెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ పైకి పోతాయి. రికార్డరు సెకనుకు తీసే శాంపిళ్లు (శబ్దపు కొలతలు), మీకు కావలసిన అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండాలి. నీలి తిమింగలం ఒక్కటే చాలనుకుంటే 2 కిలోహెర్ట్జ్ రేటు సరిపోతుంది. మా సలహా మాత్రం 48 కిలోహెర్ట్జ్. ఒకసారి దించాక ఎవరు పలికినా దొరకాలి కదా.

చిలికా ఇరావడీ డాల్ఫిన్ల లెక్క వేరు. వాటి టకటకలు 100 కిలోహెర్ట్జ్ దగ్గర్లో ఉంటాయి కాబట్టి రేటు 384 కిలోహెర్ట్జ్ పెట్టాలి. ఒక్కో శాంపిలుకు 16 బిట్ల మీద రోజుకు 66 జీబీ నిండుతుంది, అందుకే 10 నిమిషాలకు ఒక నిమిషం చొప్పున తీయండి. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం దూరం పోదు. రికార్డరు సాతపడా వైపు డాల్ఫిన్లు తిరిగే కాలువలోనే ఉండాలి.

లోతు సంగతి చాలామంది పట్టించుకోరు. 25 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవే నీళ్లలో 60 మీటర్లు. అడుగున ఇసుక ఉన్న 10 మీటర్ల నీటిలో సుమారు 80 హెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం ముందుకు సాగదు, అడుగులోకి ఇంకిపోతుంది. 40 మీటర్ల దగ్గర ఆ హద్దు 20 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఒడ్డు పక్కన దించి తిమింగలం లేదనడం అర్థంలేని మాట. కనీసం 20, 22 బారల నీటికి వెళ్లండి.

రికార్డరును తాడుకు కట్టి నీటి మధ్యలో వేలాడదీయొద్దు. వాలు (నీటి ప్రవాహం) తాడును దాటేటప్పుడు సుడులు పుట్టి తాడు వణుకుతుంది. లెక్క సులువు: వాలు వేగాన్ని తాడు మందంతో భాగించి 0.2తో గుణించండి. 10 మిల్లీమీటర్ల తాడు, సెకనుకు అర మీటరు వాలు అయితే 10 హెర్ట్జ్, వాలు ఒక మీటరైతే 20 హెర్ట్జ్. దాని రెట్లు కూడా తోడవుతాయి. అంటే సరిగ్గా నీలి తిమింగలం పలికే చోటే తాడు పాడుతుంది. పైన తేలే బోయా ఉంటే ప్రతి అలకూ అది లాగే కుదుపు వేరే.

అందుకే అడుగున కూర్చునే దిమ్మ పోయించండి. 60 సెంటీమీటర్ల చదరం, 8 సెంటీమీటర్ల మందం సిమెంటు కాంక్రీటు అయితే గాలిలో 70 కిలోలు, నీళ్లలో 40 కిలోల దాకా తూగుతుంది. పోసేటప్పుడే మధ్యలో 2 అంగుళాల పీవీసీ గొట్టం అర మీటరు పైకి వచ్చేలా నిలబెట్టండి. నీళ్లు నిండి గాలి పోయేందుకు దానికి బెజ్జాలు పెట్టాలి. రికార్డరును ఆ గొట్టానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి చుట్టండి. ట్యూబు కుదుపును మింగుతుంది, తుప్పు పట్టదు. ఇనుప గొలుసు, వదులు షాకిల్ (తాడు, గొలుసు కలిపే ఇనుప కొలికి) ఒక్కటి కూడా వద్దు. ఇనుము ఇనుముకు తగిలే టింగుమన్న చప్పుడు నెల రోజుల రికార్డింగు నిండా వినిపిస్తుంది. తాడును దిమ్మ కొక్కేనికి అల్లి కట్టేయండి.

దిమ్మ నుంచి లోతుకు మూడు రెట్లు, అంటే 120 మీటర్ల తాడు అడుగునే పరిచి, రెండో కొసకు 25 కిలోల రాళ్ల మూట కట్టండి. ఇది నైలాన్ తాడే కావాలి. పాలీప్రొపిలిన్ తాడు తేలుతుంది, తేలే తాడు తాబేళ్లకు ఉరి. పైకి బోయా వద్దు. రెండు కొసల జీపీఎస్ అంకెలు రాసుకుని, తీసేటప్పుడు కొక్కేల లంగరును తాడుకు అడ్డంగా ఈడ్చి పట్టాలి. ట్రాలర్లు (వల ఈడ్చే మరపడవలు) సాధారణంగా ఒకే లోతు వెంట ఈడుస్తాయి కాబట్టి తాడునూ ఆ దిక్కునే పరవండి, అడ్డం వేస్తే వాళ్ల వలకు చిక్కుతుంది. ఎక్కడ ఈడుస్తారో ఊళ్లో సారంగులను (పడవ నడిపేవాళ్లను) అడిగితే ఏ మ్యాపూ చెప్పనంత వివరంగా చెబుతారు.

దిమ్మను విసరొద్దు. లోతుకు రెండింతలకు కాస్త మించిన తాడును కొక్కెంలోంచి దూర్చి రెండు కొసలూ పడవలో పట్టుకుని మెల్లగా వదలండి. చేతికి బరువు తగ్గగానే ఒక కొస వదిలి రెండోది లాగేసుకోండి.

రికార్డరు ఉండే పెట్టె మూసేటప్పుడు ఓ-రింగు (నీరు దూరకుండా ఆపే రబ్బరు ఉంగరం) మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీరు దూరుతుంది. గోరంత సిలికాన్ గ్రీజు వేలితో పూయండి, ముద్దగా పూస్తే మట్టిని పట్టుకుంటుంది. మొదటిసారి రికార్డరు లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి, ఖాళీ పెట్టెకు బరువు కట్టి అనుకున్న లోతుకు దించి గంట తర్వాత చూడండి. కాగితం పొడిగా ఉంటేనే అసలు పని. నత్తగుల్లలు పట్టకుండా పెట్టెకు పీవీసీ టేపు చుడితే తర్వాత టేపుతోపాటే ఊడొస్తాయి. హైడ్రోఫోను ముఖం మీద మాత్రం టేపూ పెయింటూ వద్దు. వాలు హోరు తగ్గించడానికి ముఖం చుట్టూ నైలాన్ గుడ్డ తొడిగితే, దించే ముందు సబ్బునీళ్లలో పిండి బుడగలు పోగొట్టండి. గాలి బుడగ శబ్దానికి గోడ.

సెట్టింగుల్లో మొదట చూడాల్సింది తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలను కోసేసే ఫిల్టరు. అది ఆన్‌లో ఉంటే తిమింగలం కార్డుకే చేరదు. గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) మధ్యస్థంగా చాలు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్లకు రోజంతా తీస్తే 8.3 జీబీ, అరగంటకు 10 నిమిషాల చొప్పున తీస్తే 2.8 జీబీ లోపే. 128 జీబీ కార్డు 45 రోజులు వస్తుంది, బ్యాటరీ లెక్క వేరుగా చూసుకోండి. గడియారం తప్పుతుంది, కాబట్టి రికార్డింగు నడుస్తున్న సమయాల్లోనే, దించే ముందొకసారి, పైకి తీశాకొకసారి, జీపీఎస్ సమయం చూసి పెట్టె మీద చెంచాతో మూడు దెబ్బలు కొట్టండి. స్పెక్ట్రోగ్రాంలో (సమయం వెంట ఫ్రీక్వెన్సీలను చూపే శబ్దపు బొమ్మలో) మూడు నిలువు గీతలు పడతాయి. తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది.

కాలం ఎంచుకోవడం బేరం లాంటిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ట్రాలర్లకు వేట నిషేధం. సముద్రం నిశ్శబ్దం, సామాను భద్రం. కానీ ఉత్తరానికి పారే వాలు ఫిబ్రవరి నుంచి మే దాకా బలంగా ఉంటుంది, మే అంటే ఫణి లాంటి తుఫాన్ల భయం. దిమ్మ అడుగునే ఉంటుంది కాబట్టి మా మొగ్గు ఏప్రిల్ మధ్య నుంచి నాలుగు వారాల వైపే. అక్టోబరులో అసలు దించొద్దు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది.

అనుమతులు కాగితం మీదే ఉండాలి: అటవీ శాఖ, కోస్ట్ గార్డు, పోర్టు హద్దుల్లో అయితే పోర్టువాళ్లు. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం ఆంక్షలు ఉంటాయి, ఆ మేర వదిలేయండి. నీళ్ల కింద వినే యంత్రం పడవలో దొరికితే తీరరక్షకులకు సంజాయిషీ చెప్పడం మామూలు విషయం కాదు.

ఫైళ్లు చూడటానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. ఒక కాపీ శాంపిల్ రేటును 1000 హెర్ట్జ్‌కు తగ్గించి, స్పెక్ట్రోగ్రాం విండో 1024 పెట్టి, 0 నుంచి 150 హెర్ట్జ్ మధ్య 10 నిమిషాలు ఒక తెరకు వచ్చేలా చూడండి. చెవికంటే కన్నే నమ్మకం. శ్రీలంక వైపు నీలి తిమింగలాల పాట చివర 100 హెర్ట్జ్ దగ్గర అర నిమిషం సాగే సన్నటి గీత ఉంటుంది, కొన్ని నిమిషాల తేడాతో అదే వరస మళ్లీ వస్తుంది. ఓడ గీతలు విడవకుండా సాగి, ఓడ దగ్గరయ్యేకొద్దీ ముదిరి మళ్లీ పలచబడతాయి. తాడు వణుకు వాలుతో పాటు పైకీ కిందకీ జారుతుంది, వరస ఉండదు. పొద్దుగూకాక కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర కమ్ముకునే హోరు గొరసలలాంటి చేపల గుంపుది. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుండేది చిటికె రొయ్య.

ఫలితం రాసేటప్పుడు ఎన్ని గంటలు విన్నారో, వాటిలో ఓడల హోరు ఎన్ని గంటలు కమ్మేసిందో పక్కపక్కనే రాయండి. హోరు గంటల్లో తిమింగలం పలికినా దొరకదు. వాటిని కూడా లేనివాటి లెక్కలో కలిపితే ఆ నెల పట్టిక మొత్తం తప్పవుతుంది.