జీనోమ్ అనోటేషన్లు పంచుకోవాలంటే: మా సికిల్ సెల్ ట్రాక్ కథ

సికిల్ సెల్ అనే రక్త జబ్బుకి మూలం హెచ్‌బీబీ అనే జీన్‌లో మారిన ఒక్క డీఎన్‌ఏ అక్షరం. హెచ్‌జీ38 అనే మానవ జీనోమ్ వెర్షన్‌లో దాని చిరునామా 11వ క్రోమోజోమ్, 5227002. పాత హెచ్‌జీ19లో అదే అక్షరం 5248232. ఏ జీనోమ్ వెర్షనో రాయకుండా ఉత్త అంకెలున్న ఎక్సెల్ షీటు మెయిల్ చేసేదాన్ని నేను. "ఇక్కడేమీ లేదే మేడమ్" అని పక్క ల్యాబు నుంచి ఫోనొచ్చేది. తప్పు నాదే.

ఈ తలనొప్పికి 2001లోనే డాస్ (డిస్ట్రిబ్యూటెడ్ అనోటేషన్ సిస్టమ్) అనే ప్రోటోకాల్ ప్రతిపాదించారు. మూల జీనోమ్ ఒక సర్వర్లో, అనోటేషన్లు, అంటే జీనోమ్‌లో ఎక్కడ ఏముందో చెప్పే గుర్తులు, ఎవరివి వాళ్ల సర్వర్లో. జీనోమ్‌ని చూపించే బ్రౌజర్ "ఈ ముక్కలో ఏముంది?" అని అడిగితే ఎక్స్‌ఎంఎల్‌లో జవాబొస్తుంది. బ్రౌజర్లో ఒక వరసగా కనిపించే అనోటేషన్లని ట్రాక్ అంటారు. ఇప్పుడు అదే పని ట్రాక్ హబ్‌తో, అంటే వెబ్‌లో పెట్టిన ట్రాక్ ఫైళ్ల కట్టతో, ప్రత్యేక సర్వర్ ప్రోగ్రామ్ లేకుండానే అయిపోతుంది.

ముందు బెడ్ ఫైల్ రాయండి, అంటే ఒక్కో లైన్లో క్రోమోజోమ్, మొదలు, చివర, పేరు ఉండే టెక్స్ట్ ఫైల్. అందరూ బోల్తాపడేది ఇక్కడే. బెడ్‌లో లెక్క సున్నా నుంచి మొదలు, కాబట్టి మన అక్షరానికి మొదలు 5227001, చివర 5227002. డాస్‌లో లెక్క 1 నుంచి. పాత ఫైళ్లు మారుస్తూ ఇది మర్చిపోయి, నేను ట్రాకంతా ఒక అక్షరం పక్కకి జరిపేశాను. క్రోమోజోమ్ పేరు కూడా ఒట్టి 11 అని రాస్తే కుదరదు, ముందు 'సీహెచ్‌ఆర్' (chr) తగిలించాలి.

తర్వాత క్రోమోజోమ్, స్థానం వరసలో సార్ట్ చేసి, క్రోమోజోమ్ పొడవుల ఫైలుతో కలిపి బెడ్‌టుబిగ్‌బెడ్ అనే ప్రోగ్రామ్‌కి ఇస్తే బిగ్‌బెడ్, అంటే ముక్కలుగా చదవగలిగే బైనరీ ఫైల్, తయారు. దాని పక్కన హబ్, జీనోమ్స్, ట్రాక్‌డీబీ అని మూడు చిన్న టెక్స్ట్ ఫైళ్లు.

అన్నీ వెబ్ సర్వర్లో పెట్టండి. అది ఫైల్‌ని ముక్కలుగా ఇవ్వగలగాలి. కర్ల్ అనే కమాండ్‌తో మొదటి పది బైట్లు అడిగి చూడండి, సర్వర్ జవాబు కోడ్ 206 వస్తే సరే. 200 వచ్చిందంటే ఫైల్ మొత్తం కుమ్మరిస్తోందన్నమాట, వేరే సర్వర్ చూసుకోండి. హబ్‌లో తప్పులు పట్టే హబ్‌చెక్ ప్రోగ్రామ్ నడిపాక, యూసీఎస్‌సీ అనే జీనోమ్ బ్రౌజర్ వెబ్‌సైట్లో ట్రాక్ హబ్స్ పేజీలో హబ్ ఫైల్ లింకు అతికించండి. ఏదైనా దిద్దాక పాతదే కనిపిస్తోందా? కంగారొద్దు, బ్రౌజర్ ఐదు నిమిషాలు పాత కాపీనే చూపిస్తుంది.

బెడ్ ఫైల్ పేరు కాలమ్‌లో జీన్ మార్పు పేరు మాత్రమే రాయండి. శాంపిల్ ఇచ్చిన మనిషి ఊరు, తెగ వద్దు. యాభై గడపల గూడెంలో అది పేరు చెప్పినట్టే.